మిగిలిన ఆ ఒకటి

ఏడు పాయింట్ ఐదును రెండుతో భాగిస్తే మూడు పాయింట్ రెండు అని ఆ పిల్ల మళ్లీ రాసింది. అంకెలు గుండ్రంగా, ఒకదాని కింద ఒకటి వరస తప్పకుండా, జవాబు కింద రెండు గీతలు కొట్టి మరీ రాసింది. తప్పును అంత శ్రద్ధగా రాసేవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం కష్టం. అయినా నాకు కోపం వచ్చింది. అది ఆ పిల్ల మీదో, పుస్తకం మీదో, నా మీదో తెలియక పలక తుడిచే గుడ్డను బల్ల మీద గట్టిగా విదిలించాను. సుద్ద పొడి లేచి నా ముఖానికే కొట్టింది.

“ఏడును ఇద్దరికి పంచితే తలా మూడు పోంగ ఎంత మిగిలింది?”

“ఒకటి.”

“ఆ ఒకటి ఏడబోయింది మరి?”

“పక్కకు పెట్టిన టీచర్.”

“పక్కకెందుకు?”

ఈమెకు ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది. “మిగిలింది గద.”

ఆ పిల్ల చేసేది నాకు బాగానే అర్థమయ్యేది. దశాంశ బిందువు తనకు రెండిళ్ల మధ్య గోడ. ఇటువైపు ఏడును పంచుతుంది, తలా మూడు, మిగిలిన ఒకటి పక్కకు. అటువైపు ఐదును పంచుతుంది, తలా రెండు, మిగిలిన ఒకటి మళ్లీ పక్కకు. గోడకు ఇటు మూడు, అటు రెండు. లెక్క అయిపోయింది. ఆ మిగిలిన ఒకటిని పదిగా మార్చి గోడ దాటించాలని నేను ఎన్ని విధాల చెప్పినా తల ఊపేది. తర్వాతి లెక్కలో మళ్లీ పక్కకు పెట్టేది.

అప్పట్లో నేను పినపాక వైపు, తారు రోడ్డు సన్నబడి టేకు చెట్ల మధ్యకు పోయే చోట ఒక ప్రాథమిక పాఠశాలలో వాలంటీరు టీచర్‌ని. మా ఇల్లు బొగ్గుగనుల కాలనీలో. నాన్న మొదటి షిఫ్టుకు పోయే రోజుల్లో ఆయనతో పాటే లేచి టిఫిన్ కట్టుకుని, కొంత దూరం బస్సులో, మిగతాది షేర్ ఆటోలో పోయేదాన్ని. ఆటోలో అందరూ గట్టిగా మాట్లాడుకుంటుంటే నేను ఒడిలో పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని. కుదుపులకు ఒక్క వాక్యం చదవలేకపోయినా, పుస్తకం తెరిచి ఉంటే ఎవరూ పలకరించరు. నాకు కావలసింది అదే.

బడిలో ఐదు తరగతులకు మేమిద్దరమే, హెడ్మాస్టరూ నేనూ. ఆయనను ఊరంతా పెద్దసారు అనేవాళ్లు. ఒకటి, రెండు తరగతులు ఆయనవి, మిగతావి నావి. ఆయన చెడ్డవాడేం కాదు. మధ్యాహ్న భోజనం ఫొటోలు యాప్‌లో ఎక్కించడానికి సిగ్నల్ కోసం గేటు దగ్గర చెయ్యి పైకెత్తి తిరుగుతూనే ఆయనకు సగం పూట గడిచేది.

ఐదో తరగతిలో గురుకులం ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయబోయేది ఆ ఒక్క పిల్లే. ఊళ్లో బడి ఐదుతో ఆగిపోతుంది. హైస్కూలు మండల కేంద్రంలో ఉంది. మధ్యలో వాగు, దాని మీద లోలెవల్ చప్టా. వాన పడితే చప్టా మీదుగా నీళ్లు పారతాయి, ఆటోలు ఆగిపోతాయి. అంతకు ముందు ఐదు పాసైన ఆడపిల్లలు హైస్కూలుకు పోయినట్టే పోయి, వానాకాలం దాటేసరికి మిరప చేలల్లో కనిపించేవాళ్లు. ఆ పిల్ల వాళ్లమ్మ ఒకసారి బడి గోడ అవతల నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది.

“సీటొస్తే సదువుతది మేడం. రాకుంటే నాతోటి మిరపకాయ ఏరవస్తది. నాకిష్టమై గాదు. ఆడపిల్లను ఒక్కదాన్ని ఇంట్ల ఇడిసి నేనెట్ల పోవాలె పనికి?”

ఆమె గొంతులో బాధ లేదు, బెదిరింపు లేదు. ఆటో ఎన్నింటికొస్తుందో చెప్పినట్టు చెప్పింది. ఆ తర్వాత మూడు పాయింట్ రెండు కనిపించినప్పుడల్లా నాకు ఎర్రటి మిరపకాయల కుప్ప కళ్ల ముందుకు వచ్చేది.

ఆ పిల్లకు మిగతావన్నీ వచ్చు. ఎక్కాలు గడగడా చెప్పేది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటే రెండూ చదివి, ఇంగ్లీషు వైపు బొమ్మ పెద్దగా వేశారని ఫిర్యాదు చేసేది. దశాంశాల భాగహారం ఒక్కటే కొరుకుడుపడకుండా ఉండిపోయింది. ఏ మాదిరి ప్రశ్నపత్రం తిరగేసినా ఆ లెక్కలే ఉండేవి. ఒకదాంట్లో సరిగ్గా ఇదే లెక్క, కింద నాలుగు జవాబులు: 3.2, 3.7, 3.75, 37.5. మొదటిది చూసి ఒళ్లు మండింది. ఆ పేపరు రాసిన మనిషికి మా పిల్ల తెలుసు. ఎక్కడ ఆగిపోతుందో తెలుసు. తెలిసీ, అక్కడే గొయ్యి తవ్వి పైన ఆకులు పరిచాడు.

పెద్దసారు దగ్గర దీనికి ఒక కిటుకు ఉండేది.

“ఏందమ్మా, ఇంకా చుక్క లెక్కలకాడనే ఉన్నవా? చుక్క తీసి పారెయ్. డెబ్బై ఐదును రెండుతోటి భాగించుమను. వచ్చిన జవాబుకు మళ్ల చుక్క పెట్టుమను. అర్థం చేసుకునుడు పై తరగతుల్లో చూసుకుంటరు.”

డెబ్బై ఐదును రెండుతో భాగిస్తే ముప్పై ఏడు, మిగిలింది ఒకటి. ఆ పిల్ల ఒకటిని పక్కకు పెడుతుంది. చుక్క పెడితే మూడు పాయింట్ ఏడు. అది రెండో గొయ్యి. ఈ సంగతి ఆయనకు చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. ఆ రెండు వాక్యాలూ నా నాలుక మీద పూర్తిగా తయారై ఉన్నాయి. నేను అన్నది మాత్రం, “సరే సార్.”

నాకు చిన్నప్పటి నుంచీ ఇంతే. చెప్పవలసినది చక్కగా కుదురుతుంది, కానీ మనిషి పోయాక. ఆ సాయంత్రం డైరీలో ఆయనతో ఒక పేజీ నిండా వాదించి గెలిచాను. రాసినవాళ్లే చదివే చోట గెలవడం ఎంత తేలికో!

కిటుకు వదిలేసి చీపురు పుల్లలు పట్టుకున్నాను. పదేసి పుల్లలకు దారం చుట్టి కట్టలు కట్టాను. కట్ట అంటే ఒకటి, విడి పుల్ల అంటే అందులో పదో వంతు. ఏడు కట్టలు, ఐదు పుల్లలు పిల్ల ముందు పెట్టి, “ఇద్దరికి పంచు” అన్నాను. ఇటు మూడు కట్టలు, అటు మూడు కట్టలు. ఇటు రెండు పుల్లలు, అటు రెండు పుల్లలు. మిగిలిన కట్టనూ మిగిలిన పుల్లనూ జాగ్రత్తగా నా వైపు జరిపింది.

“ఈ కట్ట ఇప్పు. లోపల పది పుల్లలున్నయ్ గద, అవి పంచొచ్చు.”

“మీరే గద కట్టిన్రు. మళ్ల ఇప్పుడెందుకు?”

వెనక బల్ల నుంచి నాలుగో తరగతి పిల్లలు కిసుక్కున నవ్వారు. దారం నేనే విప్పి నేనే పంచి చూపించాను. “అవ్ టీచర్” అంది. మర్నాడు నోటుబుక్కులో మళ్లీ మూడు పాయింట్ రెండు, కింద రెండు గీతలు.

పరీక్ష దగ్గర పడుతోందని ఆదివారం కూడా రమ్మన్నాను. పొద్దున్నే పోయి బడి అరుగు మీద కూర్చుంటే ఎంతకూ రాలేదు. సెలవు పూట అంత దూరం వచ్చిన విసుగుతో వాళ్లింటికే నడిచాను.

ఇంటి ముందు నాలుగైదు ఇళ్లవాళ్లు గుమిగూడి ఉన్నారు. అందరూ కలిసి ఒక యాటను తెచ్చుకున్నారు. ఆ పిల్ల తండ్రి కోస్తున్నాడు. ఆ పిల్ల నేల మీద టేకు ఆకులు పరిచి పోగులు వేస్తోంది. ప్రతి ఆకులో ఇంత మెత్తటి కూర, ఇంత బొక్క, ఇంత కార్జం. ఒక పోగులోంచి ముక్క తీసి ఇంకో పోగులో వేసి, తల పక్కకు వంచి చూసి, మళ్లీ మార్చేది. తరాజు లేదు. ఎవరూ పేచీ పెట్టలేదు. పోగులు కుదిరాక ఒక ముసలాయన వాటికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ పిల్ల ఒక్కో ఆకు మీద చెయ్యి పెట్టి “ఇదెవలది?” అంటే ఆయన చూడకుండానే “బోరింగు కాడోళ్లది”, “మూలింటోళ్లది” అని చెప్పేవాడు. ఎవరి పోగు వాళ్లు ఎత్తుకున్నారు. చివర్లో రెండు మూడు ముక్కలు మిగిలాయి. ఆ పిల్ల వాటిని తండ్రి కూర్చున్న వైపు జరిపింది. పుల్లల కట్టను నా వైపు జరిపినట్టే.

“మరి అవి?” అన్నాను, నాకు తెలియకుండానే.

“గవి కోసినోళ్లయి టీచర్.”

“వాటిని గూడ చిన్నచిన్నగ చేసి అందరి ఆకులల్ల ఏయొచ్చు గద?”

గుప్పున నవ్వులు లేచాయి. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “అమ్మో, మేడం గట్టిదే! మేడమింట్ల ఈగకు గూడ మెతుకు దొరకదేమో!” అంది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. టీచరు నలుగురిలో ఇలాంటి మాట అనేసిందే అని దాని ముఖం ఎర్రబడింది. నా సంగతి చెప్పక్కరలేదు. చెవుల దాకా వేడెక్కి, పరీక్ష సంగతి ఏదో గొణిగి, ఆటో కోసం రోడ్డు దాకా దాదాపు పరిగెత్తాను.

ఆటోలో ఆ రోజు పుస్తకం తెరవలేదు. ఇన్నాళ్లూ నేను ఆ పిల్లకు తెలియనిది నేర్పుతున్నాననుకున్నాను. నేను అడుగుతున్నది నిజానికి పిసినారితనం. మిగిలినదాన్ని వదిలిపెట్టడం వాళ్లింట్లో మర్యాద. దాన్ని కూడా చీల్చి పంచమనడం సిగ్గులేనితనం. ఆ పిల్ల లెక్కను సరిగ్గా వాళ్ల అమ్మానాన్నలు పెంచినట్టే చేస్తోంది. ఆ పెంపకానికి పరీక్షలో మార్కులు లేవు. ఇది తెలిసినందుకు సంతోషం కలగాలి కదా. నాకు ఇంకా చిరాకు వేసింది. తెలియని పిల్లకు నేర్పవచ్చు. తెలిసిన పిల్లను ఎలా మార్చడం? ఎందుకు మార్చడం?

సోమవారం పిల్ల నా ముఖం చూడకుండా పుల్లల కట్టలు తెచ్చి ముందు పెట్టింది. పంచింది. మిగిలిన కట్టను నా వైపు జరపబోయి ఆగింది.

“టీచర్, ఈ లెక్క కోసిందెవలు?”

“ఎవరూ కోయలేదు. పుస్తకంల ఇచ్చిన్రు.”

“మరి మిగిలింది ఎవలు తీస్కపోతరు?”

“ఎవరూ తీస్కపోరు.”

“ఉత్తగనే పడి ఉంటదా?”

“అవ్, ఉత్తగనే.”

కట్టను దగ్గరికి లాక్కుంది. “అయితే పాడైతది గద. పంచుడే మంచిది.”

దారం పళ్లతో తెంపింది. పది పుల్లల్లో ఇటు ఐదు, అటు ఐదు. విడి పుల్లల్లో ఇటు రెండు, అటు రెండు. మిగిలిన ఒక్క పుల్లను చేతిలో తిప్పి, నేను చెప్పకముందే పది ముక్కలుగా విరవడం మొదలుపెట్టింది. చివరి ముక్కలు గోటికి కూడా అందలేదు. నాలుగో తరగతి వాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. “మూడు కట్టలు, ఏడు పుల్లలు, ఐదు పిసర్లు” అంది. పలక మీద 3.75 అని రాసి, ఎప్పటిలాగే రెండు గీతలు కొట్టింది. నేను పలకను ఎత్తి పెద్దసారు గదివైపు చూపించాలనుకున్నాను. ఆయన గేటు దగ్గర సిగ్నల్ వెతుకుతున్నాడు.

ఆ తర్వాత “మిగల్చొద్దు” అంటూ నేను ఏ లెక్క ఇచ్చినా పిసరు కూడా మిగల్చేది కాదు. “ఏం మిగలొద్దు, పాడైతది” అని తనలో తను అనుకుంటూ సున్నాలు దించుకుంటూ పోయేది. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఇంక ఒక్కటే మిగిలింది. కొన్ని భాగహారాలు ఎప్పటికీ తెగవు. మూడుతో భాగిస్తే కొన్ని సంఖ్యలు అలా సాగుతూనే ఉంటాయి. అలాంటప్పుడు ప్రశ్నలో ఎన్ని స్థానాలు అడిగితే అన్నింటి దగ్గర ఆపాలి. దాన్ని పరీక్షకు ముందు రోజు పూర్తిగా కూర్చుని చెబుదామని ఆపి ఉంచాను. మొదటే చెబితే, అంత కష్టపడి నేర్చుకున్నది మళ్లీ వదిలేస్తుందేమోనని భయం.

పరీక్షకు ముందు రోజు పెద్దసారు పొద్దున్నే హడావిడిగా వచ్చాడు. “మధ్యాహ్నం పైనుంచి ఆఫీసరొస్తుండు. గోడలకు రంగు కాగితాలు అంటియ్యాలె. పిల్లలతోటి స్వాగతం పాట ఒకటి అనిపియ్యి. ఐదో తరగతోళ్లే గద గొంతెత్తి పాడేది.”

“సార్, రేపు పరీక్ష ఉంది, ఒక పాఠం...”

“ఒక్క పూటకేమైతదమ్మా? ఇన్ని దినాలు చెప్పినవ్ గద.”

“సరే సార్.”

ఆ పిల్ల రంగు కాగితాలు కత్తిరించింది. ముందు వరసలో నిలబడి పాడింది. ఆఫీసరు చివరికి రాలేదు. సాయంత్రం దాకా చూసి చూసి, పిల్లలు ఆయన మెడలో వేయాల్సిన బంతిపూల దండను తెంపి పంచుకుని ఇళ్లకు పోయారు. ఆటో వేళ మించిపోతోందని నేనూ పరిగెత్తాను.

పరీక్ష మండల కేంద్రంలో. పిల్లను లోపలికి పంపి, వాళ్లమ్మా నేనూ గేటు బయట జామచెట్టు నీడలో కూర్చున్నాం. ఆమె నాకు సగం అరటిపండు ఇచ్చింది. బెల్లు కొట్టాక పిల్లలు గుంపుగా బయటికి వచ్చారు. మా పిల్ల అందరికంటే వెనక వచ్చింది.

“చుక్క లెక్క వచ్చింది టీచర్.”

“ఏమొచ్చింది?”

“రెండు పాయింట్ ఐదు బై మూడు. పాయింట్ ఎనిమిదొచ్చింది, ఒకటి మిగిలింది. సున్నా పెట్టిన. మూడొచ్చింది, మళ్ల ఒకటే మిగిలింది. మళ్ల సున్నా పెట్టిన. మూడు, మళ్ల ఒకటి. పెడుతనే ఉన్న. పేపరంత నిండింది. మూడు మూడు మూడు వస్తనే ఉంది.”

“కింద జవాబులల్ల పాయింట్ ఎనిమిది మూడు లేదా?”

“ఉంది. కానీ దాని తర్వాత మిగిలింది గద. మీరు మిగల్చొద్దన్నరు.”

“రెండు స్థానాల వరకు అని రాసి ఉంటది...”

“ఉంది. గదేందో నాకు తెల్వలే.”

“తర్వాతి లెక్కలు?”

చెప్పుతో మట్టిని గీసింది. “బెల్లు కొట్టిన్రు.”

వాళ్లమ్మ మా ఇద్దరి ముఖాలూ చూసి, పిల్ల చేతిలోని పరీక్ష అట్ట తీసుకుని సంచిలో పెట్టింది.

ఎండాకాలంలో జాబితా వచ్చింది. పిల్ల పేరు లేదు. అప్పటికి నా వాలంటీరు గడువు కూడా తీరిపోయింది. మళ్లీ తీసుకుంటారో లేదో ఎవరూ చెప్పడం లేదు. అయినా ఒక రోజు ఆటో ఎక్కి పోయాను. తల్లీకూతుళ్లు పందిరి కింద చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు.

“రాలేదంట గద మేడం. సారు ఫోన్ చేసిండు” అంది ఆమె, చేతులు ఆపకుండా. “ఆటో నడిచినన్ని దినాలు పెద్దబడికి పంపిస్త. వాగొస్తే మాత్రం నన్ను అనొద్దు.”

దారి పొడవునా కూర్చుకున్న మాటలు ఈసారి మింగలేదు. “మండలంల ఆడపిల్లల హాస్టల్ ఉంది. వాగుతోటి పనిలేదు. రేపే పోయి అడుగుదాం, నేను మీతోటి వస్త. మళ్ల ఏడో తరగతిల ఖాళీలు పడితే గురుకులం పరీక్ష గూడ రాయొచ్చు.” నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఆమె ఒక చింతకాయ పగలగొట్టింది. ఇంకొకటి పగలగొట్టింది. “వాళ్ల నాయినను అడగాలె” అంది.

ఆ పిల్ల చింతగింజతో నేల మీద పదిని మూడుతో భాగిస్తోంది. మూడు, చుక్క, మూడు, మూడు.

“టీచర్, గిది ఎక్కడ ఆపాలె?”

“రెండు స్థానాలు అడిగితే రెండు. మూడు అడిగితే మూడు. అడిగినంత వరకే.”

“మరి మిగిలింది?”

“మిగులుతది. అట్లనే ఉండనియ్యాలె.”

గింజ కింద పడేసి నా వైపు చూసింది. “మొదలు నేను ఉండనిస్తే తప్పన్నరు. మిగల్చొద్దన్నరు. ఇప్పుడు ఉండనియ్యమంటరు. ఏదో ఒకటి చెప్పున్రి టీచర్!”

వాళ్లమ్మకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని, కోపం లేకుండానే అంది: “గా మాటేదో పరీచ్చకు ముందుగాల చెప్తే అయిపోయేది గద మేడం.”

రంగు కాగితాల గురించి, రాని ఆఫీసరు గురించి చెప్పవచ్చు. రెండు వాక్యాలు చాలు. చెప్పినా ఆమెకు వాటితో పనేముంది? నేను నేల మీద కూర్చుని, చేత్తో మట్టి చదును చేసి, ఏడు పాయింట్ నాలుగును మూడుతో అని రాశాను. “రెండు స్థానాల దగ్గర ఆపు” అన్నాను. పిల్ల మూతి ముడుచుకునే గింజ అందుకుంది.